స్విట్జర్లాండ్‌కు పోటీగా సాస్తి దిబ్బ

మా చిన్నమ్మ వెళ్లే తెలుగు చర్చి బల్లార్‌పూర్‌లో, మరాఠీ గడ్డ మీద ఉంది. ఆ సంఘం ప్రతి ఏడాదీ ఒక గోడ క్యాలెండర్ అచ్చు వేయిస్తుంది. పన్నెండు నెలలకు పన్నెండు బైబిల్ వాక్యాలు, ప్రతి వాక్యం పైనా ఒక స్విట్జర్లాండ్. మంచు కొండ, నీలం సరస్సు, పక్కన ఒక ఆవు. ఆ ఆవు ఒంటి మీద దుమ్ము కణం ఉండదు. మే నెలలో బల్లార్‌పూర్ గోడలు పెనంలా కాలుతుంటే ఆ కొండ మాత్రం గోడ మీద చల్లగా కూర్చుని ఇంటిల్లిపాదినీ వెక్కిరిస్తూ ఉంటుంది.

ఈసారి కమిటీ మీటింగులో సుగుణ చిన్నమ్మ లేచి నిలబడిందట. "నేను కోడలిగ వచ్చినప్పటిసంది పొద్దున లేస్తె పరాయోళ్ల కొండలే చూస్తున్న. మనకు జాగ లేదా? మన దిక్కు బొమ్మలు పెట్టుండ్రి" అందట. సంఘ పెద్ద శాంతయ్య గారు బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన నవ్వి, "మన దిక్కు ఏమున్నదమ్మా? చిమ్నీలు, బొగ్గు, పందులు. జనవరికి ఏది పెడ్దాం?" అన్నారట. అందరూ నవ్వారు, చిన్నమ్మ తప్ప. నవంబరు రెండో ఆదివారానికి పన్నెండు బొమ్మలు తెస్తానని, నచ్చకపోతే వాళ్ల ఆవునే వేసుకోమని సవాలు విసిరి, ఇంటికి రాగానే నాకు ఫోన్ చేసింది.

నాకే ఎందుకంటే, నేను హనుమకొండలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాను. వారమంతా పెళ్లికూతుళ్లను తెల్లగా చేయడం నా ఉద్యోగం. ఆదివారాలు చెరువులూ గుట్టలూ ఫోటోలు తీసి, నలుపు తెలుపులోకి మార్చి, ఎవరికీ చూపించకుండా దాచుకోవడం నా వ్యసనం. చిన్నమ్మకు ఈ వ్యసనం సంగతి తెలుసు.

"నీ నల్ల ఫోటోలే కావాలె అనితా," అంది. "రంగుల్ల తీస్తె మా ఊరి రంగు తెలిసిపోతది."

కమిటీ ముందు నేను నోరు విప్పక్కర్లేదని మాట తీసుకున్నాకే ఒప్పుకున్నాను. నలుగురి ముందు పేరు చెప్పమన్నా వెనక వరసలోకి జారుకుంటాను. నా మాటలన్నీ డైరీలోకే పోతాయి. ఇదీ అందులోంచి తీసి రాస్తున్నదే.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు కాజీపేటలో రైలు ఎక్కాలి. తొమ్మిది దాటాక వచ్చింది. మీరు వెళ్లేటట్టయితే కూర్చునే సీటు రిజర్వు చేసుకోండి, కానీ కిటికీ మీద ఆశ పెట్టుకోకండి. నా కిటికీ దగ్గర అప్పటికే ఒకావిడ సీతాఫలాల గంప ఒళ్లో పెట్టుకుని స్థిరపడి ఉంది. టికెట్ చూపించి లేపడం నా వల్ల అయ్యే పని కాదు. పక్కన కూర్చున్నాను.

"ఏడికి బిడ్డా?" అంది.

"బల్లార్షా," అన్నాను. బల్లార్‌పూర్ స్టేషన్ పేరు అదే.

"పెండ్లి సంబంధమా?"

"కాదు. ఫోటోలు తీయనీకి."

ఆమె నా కెమెరా సంచినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "పులివా?"

పులుల అడవి ఉన్న చంద్రపూర్ వైపు కెమెరాతో వెళ్లే ప్రతి మనిషీ పులి కోసమే వెళ్తాడని లోకం నమ్మకం. కాదు, కొండలవీ గుట్టలవీ తీసి నలుపు తెలుపు చేస్తానని చెప్పాను. ఆమె, "బొగ్గు ఊరికి పోయి నలుపు ఫోటోలు తీసుడెందుకు? రంగుల తీసినా గట్లనే వస్తది" అని ఒక సీతాఫలం నా చేతిలో పెట్టింది. ఈ ప్రయాణంలో నా కళ మీద వచ్చిన మొదటి విమర్శ అది.

రామగుండంలో వడలు వచ్చాయి. చుట్టిన కాగితం నూనెకు అద్దంలా మారి, వార్తలు రెండు వైపులవీ ఒకేసారి కనిపించాయి. చదువుకోవడానికి ఏదీ లేనప్పుడు అవి కూడా బాగానే ఉంటాయి. ఆమె కాగజ్‌నగర్‌లో దిగిపోయాక కిటికీ నాదైంది. ఒంటిగంటకు బల్లార్షా. చిన్నాయన స్కూటర్‌తో వచ్చాడు. ఆయన కాగితం మిల్లులో ఫిట్టరు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు, మా ఇద్దరికీ అందుకే పడుతుంది. నేను మిల్లు క్వార్టర్స్‌లో వాళ్లింట్లోనే ఉన్నాను, కాబట్టి లాడ్జీల సంగతి చెప్పలేను. మీకు అక్కడ చిన్నమ్మ లేకపోతే చంద్రపూర్ బస్టాండు దగ్గర వెతుక్కోవాలి.

అన్నం తినగానే మూడింటికి చంద్రపూర్ బస్సెక్కాను. అరగంట ప్రయాణం. ఊరి చుట్టూ గోండు రాజుల కోటగోడ ఉంది, దాని జట్‌పురా దర్వాజా లోంచే ఊరంతా రాకపోకలు సాగిస్తుంది. రాజులు శత్రువులను ఆపడానికి కట్టారు. ఇప్పుడది ఆటోలను ఆపుతోంది. దర్వాజా పక్కన నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఒకటి కాషాయం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. వాటిని తప్పించి గోడను తీయడానికి చోటే లేదు. కలిపే తీసి, రాత్రి నలుపు తెలుపు చేసి చూసుకుంటే మూడు ఫ్లెక్సీలూ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. రంగు తీసేస్తే పార్టీలన్నీ ఒకటేనని అంతకుముందు వినడమే, చూడలేదు.

తర్వాత ఎరాయి నది ఒడ్డుకు ఆటో. కరెంటు ప్లాంటు చిమ్నీల వెనక సూర్యుడు దిగుతున్నాడు. చిమ్నీలు, పొగ, నీళ్లు, నీళ్లలో నిలబడ్డ గేదెలు. పులులు ఉన్నాయేమోనని వెనక్కి చూసుకుంటూ పన్నెండు ఫోటోలు తీస్తే ఎనిమిది కదిలిపోయాయి.

శనివారం తెల్లవారగానే చిన్నాయన స్కూటర్ మీద సాస్తి. బల్లార్‌పూర్ నుంచి వార్ధా నది దాటితే అదే. అక్కడ బొగ్గును పైనుంచే తవ్వి తీస్తారు. బొగ్గు మీద ఉన్న మట్టినీ రాళ్లనూ తెచ్చి ఒకచోట పోస్తారు. అలా ఏళ్ల తరబడి పోసిన దిబ్బలు కొండలంత ఎత్తయ్యాయి. గని మనుషులు ఆ దిబ్బల్ని ఓబీ అంటారు. ఎర్రమట్టి ఓబీ మీద పొద్దుటెండ ఏటవాలుగా పడుతోంది. రాత్రంతా గాలి వీచినట్టుంది, ఆకాశం నీలంగా ఉంది. దిబ్బ అంచున మట్టి పోసే పసుపుపచ్చ డంపర్ బండి ఒకటి అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

రోడ్డు మీదే నిలబడి తీస్తున్నా గార్డు వచ్చేశాడు. "ఫోటో కాఢూ నకా," అన్నాడు, తీయొద్దని. నేను కెమెరా దాచేశాను. తప్పు చేయకముందే తప్పు ఒప్పుకునే మొహం నాది.

"క్యాలెండర్‌సాఠీ, భావూ," అన్నాడు చిన్నాయన, క్యాలెండర్ కోసమని. ఆ రోజు కోటాలో రెండు మాటలు అయిపోయాయి.

గార్డు దిబ్బ వైపు, మా వైపు చూశాడు. "క్యాలెండర్? మగ్ వాఘ్ కుఠే?" అన్నాడు. క్యాలెండరైతే పులేది మరి అని. ఇంతటి పనికిమాలిన వాళ్ల వల్ల గనికి ప్రమాదం లేదనుకున్నాడేమో, తల ఊపి వెళ్లిపోయాడు.

అక్కడినుంచి ఆవర్‌పూర్. దారి పొడుగునా లారీలు. సిమెంటు ఊరు కాబట్టి రోడ్డు పక్క చెట్లు ఎన్ని వానలు పడ్డా తెల్లగానే ఉంటాయని చిన్నాయన అన్నాడు. నిజంగానే వేపచెట్టుకు ఆకుపచ్చ వెతుక్కోవాల్సి వచ్చింది. నా పని సగం దుమ్మే చేసి పెట్టింది. ఆ చెట్ల కిందే కూర్చుని చిన్నమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా తిన్నాం. ఆ కారానికి కాసేపు లోకమంతా ఎర్రగా కనిపించింది.

మూడింటికి ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం, నేనూ చిన్నమ్మా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. సాఫ్ట్‌వేర్‌లో నలుపు తెలుపు చేసే బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కి ఊరుకుంటే దెబ్బతింటారు. సాస్తి ఫోటోకు అదే నొక్కి చూపించాను. ఎర్రమట్టి దిబ్బా, దాని కింద పెరిగిన తుమ్మ పొదలూ ఒకే బూడిదలో కలిసిపోయాయి. ఆకాశం కూడా వాటి సరసన చేరింది.

"ఏందే ఇది," అంది చిన్నమ్మ. "రాత్రి మిగిలిన పప్పు లెక్కుంది."

ఆమె మాటలో తప్పులేదు. ఎరుపూ ఆకుపచ్చా కంటికి ఆమడ దూరంలో ఉంటాయి, కానీ వెలుగులో దాదాపు సమానం. రంగు పోతే వాటి మధ్య తేడా కూడా పోతుంది. అందుకే ఒక్కో రంగుకు విడిగా అటూ ఇటూ జరిపే స్లైడర్ ఉంటుంది. ఎరుపు స్లైడర్‌ను పెంచితే ఎర్రగా ఉన్న చోటల్లా తెల్లబడుతుంది. నీలం తగ్గిస్తే ఆకాశం నల్లబడుతుంది. ఫోటోలో రంగు కనిపించదు, కానీ ఎక్కడ ఏ రంగు ఉండేదో దానికి గుర్తుంటుంది. కొంచెం జరిపి చూపించాను. దిబ్బ పొదల్లోంచి లేచి విడిగా నిలబడింది.

"నాకియ్యి," అని చిన్నమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని మౌసు పట్టుకుంది. ఎరుపు పెంచింది. ఇంకా పెంచింది. నీలాన్ని అట్టడుక్కి దింపింది. పసుపును కూడా చివరిదాకా లాగింది. నల్లటి ఆకాశం కింద సాస్తి దిబ్బ తెల్లగా మెరిసింది. వాన నీరు కోసిన చాళ్లు మంచు చారల్లా ఉన్నాయి. డంపర్ చిన్న తెల్లని ఇల్లులా అయిపోయింది.

"నిజంగ గింత తెల్లగ ఉంటదా?"

"ఉండదు చిన్నమ్మా."

"మంచిగున్నది. ఉంచు," అంది. నేను ఉంచాను. ఫోటో ఎక్కువైందని చెప్పడం నా ధర్మం. కానీ వారమంతా పెళ్లికూతుళ్ల తల్లులు కూడా నాతో ఇదే మాట అంటారు, నాకు అలవాటైపోయింది.

ఆదివారం ఆరాధన పన్నెండుకు ముగిసింది. కమిటీలో అయ్యగారు, అంటే పాస్టరు, శాంతయ్య గారు, మరో ఐదుగురు. వెనక బెంచీల్లో స్త్రీల సమాజం. అక్కడ తెలుగు మాట్లాడటమే కానీ చదవడం తక్కువమందికి వచ్చు, అందుకని తెలుగు పాటల్ని మరాఠీ అక్షరాల్లో రాసి ఒక టీవీలో చూపిస్తారు. ఆ టీవీకే ల్యాప్‌టాప్ తగిలించి మొదటి బొమ్మ పెట్టాను. తెల్లని దిబ్బ.

చర్చిలో అందరూ ఒక్కసారిగా "అబ్బా" అన్నారు.

"గిది ఏ దేశం?" అన్నారు శాంతయ్య గారు, కళ్లజోడు పైకెత్తి. "నల్ల ఫోటో అంటే చచ్చిపోయినోళ్లది లెక్కుంటది అనుకున్న. గిది మస్తుంది. ఆ మంచుల గుడిసె చూడుండ్రి, ఎంత ముద్దుగున్నదో."

గుడిసె అంటే డంపర్. నేను తల దించుకున్నాను. చిన్నమ్మ నా కాలు తొక్కింది. ఊరుకోమని అర్థం. ఊరుకోవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అయ్యగారు, "జనవరికి ఇదే," అన్నారు. ఐదు చేతులు లేచాయి. బొమ్మ నెగ్గింది. ఇంకో పదకొండు ఇలాగే నెగ్గితే స్విట్జర్లాండ్ దిగిపోయినట్టే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, కానీ శాంతయ్య గారు గెలిచిన మనిషిలా వెనక్కి వాలి, "చూసినవా సుగుణమ్మా," అన్నారు. "మనూరు మనూరని లొల్లి చేసినవ్. ఆఖరికి నువ్వు గూడ బయటి దేశందే పట్కొచ్చినవ్."

చిన్నమ్మ మొహం చూశాను. క్యాలెండర్ చేతికి వచ్చింది, మాట చేజారిపోయింది. ఆమె లేచి నిలబడింది.

"పెద్దయ్యా, గది సాస్తి ఓబీ."

నవ్వులు. "ఏం మాట్లాడ్తున్నవమ్మా," అన్నారాయన. "నా బతుకంత ఆ దిబ్బ కిందనే పోయింది. సాస్తి నాకు తెల్వదా?"

"తెలుస్తే గుర్తుపట్టాలె గద?"

ఇప్పుడు అందరూ నా వైపు తిరిగారు. మాట్లాడక్కర్లేదని మాట ఇచ్చినావిడ కూడా తిరిగింది. ఎరుపు స్లైడర్‌ను మెల్లగా వెనక్కి లాగాను. తర్వాత నలుపు తెలుపే తీసేశాను. మంచు ఒక్కసారిగా ఎర్రమట్టయింది. ఆకాశం మామూలు నీలమైంది. గుడిసె పసుపుపచ్చ డంపరైంది, చక్రాలతో సహా.

వెనక బెంచీలోంచి ఒకామె, "అయ్యో, మా ఆయన బండి!" అంది. ఇక ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. స్త్రీల సమాజమంతా పడీ పడీ నవ్వింది.

శాంతయ్య గారు నవ్వలేదు. "గిది మోసం," అన్నారు. "దేవుని క్యాలెండర్‌ల అబద్ధం అచ్చేస్తమా? నేనొప్పుకోను. పాతదే వేద్దాం."

"ఎవని కొండనో మన గోడకు కొట్టుకునుడు అబద్ధం కాదా?" అంది చిన్నమ్మ.

"గది అబద్ధం కాదమ్మా, గది అందం."

"గంతే గద! మనది అందం కాదంటవ్!"

అయ్యగారు ఇద్దరినీ కూర్చోమన్నారు, ఇద్దరూ కూర్చోలేదు. పాతదే అన్న మాట ఐదుగురిలో ఇద్దరి పెదాల మీదికి వచ్చేసింది. అప్పుడు శాంతయ్య గారు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా. నువ్వే గద తీసింది. గిది అబద్ధమా, కాదా?" అన్నారు.

పారిపోవడానికి తలుపు దూరంగా ఉంది.

"మేము తెలుపు ఎక్కువ చేసినం పెద్దయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఎంత ఉండాలెనో మీరే చెప్పుండ్రి. నేను జరుపుత."

ఆయన ఇది ఊహించినట్టు లేరు. లేచి వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"రంగు తీసెయ్యి," అన్నారు. తీసేశాను. "ఎరుపు కొంచెం తగ్గియ్యి. ఇంక. మట్టి గంత తెల్లగ ఉండదు. ఆఁ. ఆకాశం నల్లగనే ఉంచు. కింద పొదలు ఇంక నలుపు." ఆయన చెప్తుంటే జరిపాను. తెల్లని కొండ వెండి రంగుకు దిగి, తర్వాత వెన్నెల పడ్డ గోడలా అయింది. డంపర్ చీకట్లో కలిసిపోయి, దాని అద్దం మీద ఒక మెరుపు మిగిలింది.

"ఆగు," అన్నారు. "గిట్ల. రాత్రి షిఫ్ట్‌ల గిట్లనే కనబడ్తది. రాత్రి షిఫ్ట్‌ల రంగులెక్కడియి? పైకి చూస్తే గిదే ఉంటుండె."

ఆ మాటతో కథ ముగిసిందని మీరు అనుకుంటే, మీరెప్పుడూ కమిటీలో కూర్చోలేదన్నమాట. ఆ తర్వాత అందరికీ స్లైడర్ రుచి తెలిసింది. డంపర్ డ్రైవరు భార్య బండి కనబడాలంది. ఒక పెద్దమనిషి చిమ్నీ పొగ తగ్గించమన్నారు, ఇంకొకరు పెంచమన్నారు. ఆవర్‌పూర్ వేపచెట్టును ఎవరూ ఏమీ అనలేదు, అది పుట్టుకతోనే నలుపు తెలుపు అనుకున్నట్టున్నారు. ఎరాయి గేదెల్ని చూసి శాంతయ్య గారు, "ఇవి మన ఆవులు," అని ప్రకటించారు. చర్చి వెనక భోజనాలకు వండే కోడికూర వాసన మొదలయ్యాక ఆఖరి బొమ్మలు చాలా వేగంగా నెగ్గాయి.

డిసెంబరు దగ్గర చిక్కు వచ్చింది. క్రిస్మస్ నెలలో మంచు ఉండాల్సిందేనని ముగ్గురు పట్టుబట్టారు. స్విట్జర్లాండ్‌ను ఒక్క నెలకైనా వెనక్కి తెచ్చే లోపలే శాంతయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"సుగుణమ్మ చేసిన తెల్ల దిబ్బ ఉన్నది గద. గదే పెట్టుండ్రి. కింద సాస్తి అని రాయుండ్రి, అబద్ధం గాదు."

అలా ఒకే దిబ్బ జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి అచ్చవుతోంది. ఒక ఏడాదికి ఒక కొండ రెండు రకాలుగా చాలని కమిటీ తీర్మానించింది.

సాయంత్రం అయిదు దాటాక తిరుగు రైలు. చిన్నమ్మ స్టేషన్‌కు వచ్చింది. గెలిచిన మనిషి గలగలా మాట్లాడుతుందనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద చాలాసేపు టీ కప్పు తిప్పుతూ కూర్చుంది.

"అనితా, నిజం చెప్పు. మన దిబ్బ మంచిగనే ఉన్నదా? కమిటీల గట్టిగనే కొట్లాడిన గని, నాకు గూడ అనుమానమే ఉండె."

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అందమంటే ఏం చెప్పాలె చిన్నమ్మా. మంచి కొండ కాదు. గాని ఎంతసేపు చూసినా ఇంక కొంచెం చూడాలనిపిస్తది."

ఆమె ఆ మాటను తూకం వేసుకుంది. "నెల రోజులు చూడనీకి గది చాలు," అంది. టీ తాగేసింది.

మీరూ వెళ్లదలిస్తే నవంబరులో వెళ్లండి, పొద్దున్నే లేవండి, రోడ్డు దిగకండి. పులి కనిపించదు. సరస్సులు, మంచు, శుభ్రమైన ఆవు ఏవీ ఉండవు. ఊళ్లు తమను తాము చాలా తక్కువ చేసుకుని మాట్లాడతాయి, ఆ మాట నమ్మితే మీ ప్రయాణం వృథా.

రైలు వార్ధా వంతెన దాటింది. కుడివైపు దూరంగా ఓబీ దిబ్బలు, వాటి మీద ఆఖరి ఎండ. మూడు రోజుల్లో మొదటిసారి ఏ పనీ లేకుండా, కెమెరా సంచిలో పెట్టేసి ఊరికే చూశాను. ఎరుపు కాస్త ఎక్కువైందనిపించింది.